దారి తప్పించే తేనెటీగ

తిరుపతి,
ఆదివారం సాయంత్రం.

సుగుణక్కకు రత్నం నమస్కారాలు.

ముందు నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి. తర్వాత బావ బీపీ. తర్వాత ఆవు. ఈ వరసలోనే రాయి. పోయిన ఉత్తరంలో ఒక పేజీ నిండా ఆవు గురించే రాశావు, నీ గురించి ఒక్క ముక్క లేదు. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. నిద్ర పడుతోంది. ఈ మూడూ నిజమే, నమ్ము.

ఫోను చేయలేదని కోపం తెచ్చుకోవద్దు. నీకు ఫోనులో సరిగా వినపడదు. బావ మధ్యలో అందుకుని తనకు తోచింది చెప్తాడు. పోయినసారి నాకు జలుబు చేసిందంటే నీ దగ్గరికి వచ్చేసరికి అది జ్వరమైంది, నువ్వు బస్సు ఎక్కడానికి సంచి సర్దుకున్నావు. అందుకే ఉత్తరం. ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. కొండ మీద మబ్బు పట్టినట్టే ఉంటుంది, కింద చినుకు పడదు. మధ్యాహ్నం మేడ మీద కాలు పెట్టలేము. సాయంత్రం మాత్రం గాలి బాగుంటుంది. అలిపిరికి నడిచి పోయేవాళ్లు మా వీధిలో నుంచే పోతారు. దారి అడుగుతారు, నేను చెప్తాను. ఈ ఊళ్లో సగం మంది నిన్న వచ్చి రేపు పోయేవాళ్లే. కొత్తవాడినని నన్ను ఎవరూ వింతగా చూడరు. అది నాకు బాగుంది.

నీళ్ల కంపెనీలో పని మామూలే. పొద్దున పోయి, క్యాన్లలోకి పట్టే నీళ్లు పరీక్ష చేసి, మధ్యాహ్నానికి బయటపడతాను. చిత్తూరులో అన్నేళ్లు మామిడి గుజ్జు తీపి కొలిచాను. ఇప్పుడు ఏ రుచీ లేనిదాన్ని కొలుస్తున్నాను. కష్టమేమీ లేదు.

భోజనం గురించి దిగులు పెట్టుకోవద్దు. ఇంటి ఓనరు కమలమ్మ గురించి రాశాను కదా. ఆమెది పలమనేరు వైపు. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు హోసూరులో ఉంది. సంకటి, చెనిక్కాయల ఊరిబిండి, వారానికి రెండుసార్లు పచ్చిపులుసు. నేను వద్దన్నా రెండో ముద్ద వేస్తుంది. "ఏమప్పా, మీ అక్క నన్ను తిట్టుకోవాల్నా?" అంటుంది. నిన్ను ఆమె చూడలేదు, కానీ నువ్వంటే భయం ఉంది.

ఇక ఆట సంగతి. ఈ వయసులో ఆటలేమిటని బావ అడిగాడట. అడగడంలో తప్పు లేదు. పోయిన ఉత్తరంలో నేనే సరిగా చెప్పలేదు. ఆట ముందుకు పోకపోతే ఊరికి వచ్చేస్తానని మాత్రం నీకు మాట ఇచ్చాను. నువ్వు ఆ ఒక్క ముక్కే పట్టుకున్నావు.

మా మేడ మీద వాటాలో దిలీప్, గ్రేస్ అని ఇద్దరు ఉంటారు. మొగుడూ పెళ్లాం. దిలీప్‌ది పీలేరు, గ్రేస్‌ది తడ దగ్గర పల్లె. కంప్యూటర్లో ఆటలు తయారు చేయడం వాళ్ల పని. అతను ఆట నడిచేలా చేస్తాడు, ఆమె బొమ్మలు గీస్తుంది. ఇన్నాళ్లూ ఎవరో చెప్పిన కార్ల ఆటలు, తుపాకుల ఆటలు చేసి ఇచ్చేవారు. సొంతంగా ఒకటి చేయాలని వాళ్లకు ఆశ. ఒక సాయంత్రం కరెంటు పోతే అందరం మెట్ల మీద కూర్చున్నాం. గ్రేస్ నన్ను ఏదైనా కథ చెప్పమంది. నాకు తెలిసిన కథ ఒకటే. అది చెప్పాను.

నీకు తెలుసు ఆ కథ. ఆసుపత్రిలో హేమకు సెలైన్ ఎక్కుతున్నంతసేపూ మేమిద్దరం చెప్పుకున్నదే. నువ్వు క్యారియర్ తెచ్చినప్పుడు విని, "మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ పట్టినాదా పిచ్చి?" అన్నావు. అంతకుముందు సంవత్సరం అటవీ శాఖ మనిషి మన ఊరికి వచ్చి, పొలం గట్ల మీద తేనెపెట్టెలు వేలాడదీయమని చెప్పాడు, గుర్తుందా? ఏనుగుకు తేనెటీగంటే భయమని, ఆ చప్పుడు వింటే ఆ చుట్టుపక్కలకు రాదని. ఊరంతా పెడచెవిన పెట్టింది. హేమ మరిచిపోలేదు.

"అంత స్వామికి ఇంత ఈగంటే భయమా? అయితే ఆ ఇద్దర్నీ జత కట్టాల మామా," అంది.

అలా మొదలైంది. ఏనుగు పడమటి కొండల్లో ఉండే తన మంద నుంచి తప్పిపోయింది. రోడ్డు వెడల్పు చేయడానికి చెట్టు కొట్టేస్తే తేనెటీగ పట్టు పోయింది. ఏనుగుకు మంద కావాలి, తేనెటీగకు కొత్త చెట్టు కావాలి. ఏనుగుకు బలం ఉంది కానీ చెట్లకు అవతల ఏముందో కనపడదు. తేనెటీగ పైకి ఎగిరి అంతా చూస్తుంది కానీ గట్టిగా గాలి వీస్తే నిలవలేదు. వాన పడితే ఏనుగు చెవి వెనక దూరాలి. ఒకరంటే ఒకరికి పడదు, ఒకరు లేకుండా ఒకరికి జరగదు. నేను ఏనుగు, హేమ తేనెటీగ. ఆమె దారి చెప్పాలి, నేను నడవాలి. రోజుకు కొంత దూరం.

ఇదే ఇప్పుడు ఆట అయింది. టీవీ లాంటి తెర ముందు ఇద్దరు కూర్చోవాలి. రిమోటు లాంటిది ఒకటి ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది, కంట్రోలర్ అంటారు. ఒకరు ఏనుగును నడపాలి, ఒకరు తేనెటీగను. తెరను రెండు సగాలు చేశారు. ఏనుగు సగంలో చెట్లు, దుమ్ము. తేనెటీగ సగంలో పైనుంచి ఊళ్లు, చెరువులు. మొదట్లో తేనెటీగ దగ్గరికి వస్తే చాలు, ఏనుగు తోక ఎత్తి పారిపోతుంది. ఎంత దగ్గరికి రావచ్చో, ఎక్కడ ఆగాలో నేర్చుకోవడమే మొదటి మెట్టు. నువ్వు చూస్తే నీకు నచ్చుతుందక్కా. గ్రేస్ గీసిన ఏనుగుకు కనురెప్పల వెంట్రుకలు కూడా ఉన్నాయి.

హేమ నడిపించిన దారినే పెట్టాం. పలమనేరు అడవిలో మొదలు. అక్కడి నుంచి పూతలపట్టు. నాలుగు రోడ్ల కూడలిలో ఏనుగు నిలబడిపోతే అన్ని వైపులా లారీలు ఆగిపోతాయి, దోసకాయలమ్మే ఆమె బండి ఖాళీ అవుతుంది. తర్వాత హేమ పుట్టింటి పక్క ఊరు కార్వేటినగరం. పాత కోట గోడల మధ్య ఏనుగు తన అడుగుల చప్పుడు తనే విని ఇంకో ఏనుగు ఉందనుకుంటుంది. చివరికి తడ. ఏనుగు ముందుకాళ్లు తమిళనాడులో, వెనక్కాళ్లు మన దగ్గర. రెండు వైపుల చెక్‌పోస్టుల మనుషులూ వచ్చి, ఇది మీదంటే మీదని వాదించుకుంటారు. ఆ లోపల తేనెటీగ ఏనుగును ఉప్పునీళ్ల సరస్సు దగ్గరికి, ఎర్రకాళ్ల కొంగల దగ్గరికి తీసుకుపోతుంది. గ్రేస్‌కు ఆ సరస్సు గట్టు మీద ప్రతి గుంటా తెలుసు. రోజుల తరబడి కూర్చుని గీసింది.

తడ దాటి కథ పోలేదు. ఆ తర్వాత హేమకు మాట్లాడే ఓపిక లేకపోయింది. అది నీకు తెలుసు.

ఆట చేయడం మొదలుపెట్టిన కొత్తలో గ్రేస్ ఈ దారినంతా మ్యాపు మీద గీసి చూసింది. "సార్, మంద పడమట కదా ఉండేది? మీ దారి తూర్పుకి పోతా ఉండాదే. పోయేకొద్దీ మంద దూరమైపోతాది," అంది. తిరగేసి పెడదామా అన్నాడు దిలీప్. అక్కర్లేదు, అలాగే ఉండనీ అన్నాను. హేమ తప్పు చెప్పిందని నాకు అప్పుడే తెలుసు. ఆసుపత్రిలో నేను చాలాసార్లు అన్నాను కూడా, మంద అటు కాదు కదా హేమా అని. "నువ్వు నడువు మామా. యాడికి పోవాల్నో తేనీగకు తెలుసు," అనేది. మందుల మగతలో దిక్కులు తెలియడం లేదనుకుని ఊరుకున్నాను.

ఇంతలో బెంగళూరు కంపెనీ ఒకటి ఆట చూస్తామంది. నచ్చితే వాళ్లే డబ్బు పెట్టి పూర్తి చేయించి అమ్ముతారు. నచ్చకపోతే దిలీప్, గ్రేస్ ఇక్కడ మూసేసి హైదరాబాదులో ఉద్యోగాలు వెతుక్కోవాలి, నేను నీకిచ్చిన మాట ప్రకారం ఊరికి రావాలి. ఒకటే షరతు. ఆటకు ముగింపు ఉండాలి, వచ్చినప్పుడు చూపించాలి. ముగింపు లేని ఆటను ఎవరూ తీసుకోరు, అది న్యాయమే.

దిలీప్ రోజూ పొద్దున మెట్ల మీద ఎదురయ్యేవాడు.

"సార్, లాస్టుది?"

"రాస్తాను."

"రాస్తాననే చెప్తా ఉండారు సార్ మీరు. ఏనుగు ఇంకా తడలోనే నిలబడుకోని ఉండాది. ఆ కొంగలకు కూడా విసుగొచ్చింటాది."

రాయలేకపోయాను. తడ నుంచి వెనక్కి తిప్పి పలమనేరు కొండల దాకా తెచ్చాను. లోయలో మందను పెట్టాను. గ్రేస్ మందను గీసింది, చిన్న గున్నలతో సహా. అక్కడ ఆగిపోయాను. ఏనుగు మందలో కలిస్తే తేనెటీగ దగ్గరికి రాకూడదు, మంద మొత్తం బెదిరిపోతుంది. అంటే కలవడం, విడిపోవడం రెండూ ఒకటే. ఇక ఏం రాయాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. ఆట బాగా నడుస్తోందో లేదో చూడడానికి ఇద్దరు ఆడాలి. నేను ఒక్కడినే ఆడేవాడిని. ఎడమ చేతిలో తేనెటీగ, కుడి చేతిలో ఏనుగు. దిలీప్ తేనెటీగను తీసుకుంటానంటే వద్దనేవాడిని. గ్రేస్ అడగడం మానేసింది.

కమలమ్మ అడగకుండానే వచ్చి కూర్చుంది.

అది చెప్తాను, నువ్వు నవ్వుతావు. ఒకరోజు పైకి అలసంద వడలు తెచ్చింది. తెర మీద ఏనుగు కనపడగానే పళ్లెం కింద పెట్టి, చెప్పులు బయట విడిచి వచ్చి దండం పెట్టుకుంది. గ్రేస్ ఆమె చేతిలో తేనెటీగ కంట్రోలర్ పెట్టింది. అప్పటికి దిలీప్ అందులో కుట్టే బటన్ ఒకటి పెట్టి ఉన్నాడు. ఏనుగు మొండికేస్తే తేనెటీగ కుట్టాలి, అది పరుగెత్తాలి. దాని మీద అతనికి చాలా నమ్మకం.

"ఇది నొక్కుమ్మా. కుడతాది," అన్నాడు.

"ఎవర్ని?"

"ఏనుగును."

"పేరు పెట్టి పిలవాకురా. స్వామి అను."

"సరేమ్మా. స్వామిని కుట్టు."

"స్వామిని నేను కుట్టాల్నా? ఒకసారి స్వామి మా నాయన సెరుకు తోట అంతా తొక్కి పోయినాడు. మా నాయన పొద్దున్నే ఆ అడుగులో కర్పూరం ఎలిగిచ్చి, పోయి రా స్వామీ అని పంపించినాడు. నేను వచ్చి కుట్టాల్నా? నువ్వే కుట్టుకో. నీ యవ్వారం నువ్వు సూసుకో."

"బొమ్మ కదమ్మా ఇది."

"గుళ్లో ఉండేది ఏందిరా మరి?"

గ్రేస్ మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్లను పిలిచి ఆడించాం. వాళ్లలో అడవి వైపు ఊళ్ల నుంచి వచ్చిన ఒక్కరు కూడా ఆ బటన్ ముట్టలేదు. దిలీప్ ఒక పూట ముభావంగా తిరిగి, ఆ బటన్ తీసేశాడు. ఇప్పుడు తేనెటీగకు ఉన్నది చప్పుడు ఒక్కటే. ఇష్టముంటే ఏనుగు వింటుంది. నిజం చెప్పాలంటే ఆట అప్పటి నుంచే బాగుపడింది.

కమలమ్మ ఆ తర్వాత రోజూ వచ్చింది. దీపం పెట్టి, పొయ్యి ఆర్పి పైకి వచ్చేది. తేనెటీగ తప్ప ఇంకోటి పట్టదు. స్వామిని నడిపించే అంత దానిని కాదంటుంది. ఏనుగును నేనే పట్టాను. వద్దనడానికి నాకు సందు దొరకలేదు. మొదటి రోజు ఆమె సగం వైపు చూడకుండా ఆడాను. రెండో రోజు కొంచెం నయం. వారం తిరిగేసరికి నేను నవ్వుతున్నానని గ్రేస్ చెప్పింది. నాకు తెలియలేదు.

ఒక సాయంత్రం లోయ దాకా వచ్చాం. నా సగంలో చెట్లు తప్ప ఏమీ లేవు. కమలమ్మ సగంలో మంద స్పష్టంగా కనపడుతోంది. ఆమె తేనెటీగను గభాలున వెనక్కి తిప్పింది.

"ఈడేం లేదు రత్నమప్పా. పద పద."

"అమ్మా, అదిగో మంద. ఆడే ఉండాది కదా," అంది గ్రేస్.

"నాకు కనపళ్లే."

"అన్ని ఏనుగులు కనపళ్లేదా?"

"అద్దాలు పెట్టుకోలేదు పాపా."

"పెట్టుకోనే ఉండావు."

"నువ్వు గమ్మునుండు. ఆడికి పోతే ఇంగ ఈ ఈగ పనేముండాది? పోయేవాడు ఎట్లైనా పోతాడు. ఇంకొంచేపు తిరగనీ. రా అప్పా, సెరుకు తోటకి పోదాం. ఈ పక్క గానుగ ఆడతా ఉండారు, బెల్లం వాసన వస్తాది."

ఆమె వెనక చెరుకు తోటలోకి నడిచాను. కడుపునిండా తిన్నాం. గానుగ దగ్గర ఏనుగు తొండం బెల్లం పాకంలో పెట్టి కాల్చుకుంటుంది, అది గ్రేస్ కల్పించింది. కమలమ్మ పగలబడి నవ్వింది. నేను ఏనుగును నడుపుతూనే ఉన్నాను.

హేమకు దిక్కులు తెలియకపోవడం ఏమిటక్కా? మద్రాసు బస్టాండులో నేను తప్పిపోతే వెతికి పట్టుకున్న మనిషి. మందులు ఎక్కుతున్నా మాటలో తేడా లేదు. పలమనేరు ఎక్కడ, తడ ఎక్కడ. పడమట మందను పెట్టుకుని, తెలిసి తెలిసీ తూర్పున నేల అయిపోయేదాకా నన్ను నడిపించింది. అక్కడి నుంచి ఇంక దూరం పోవడానికి లేదు, సముద్రం అడ్డం.

ఆ రోజు గదికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. ఏడవలేదు. ఏదో బరువు దిగినట్టు అనిపించింది, అంతే. కమలమ్మ పంపిన అన్నం అంతా తిన్నాను.

మర్నాడు పొద్దున మెట్ల మీద దిలీప్ నోరు తెరవకముందే చెప్పాను. మందను లోయలోనే కాదు, ప్రతి ఊరి నుంచీ పైకి ఎగిరితే కనపడేలా పెట్టు. పూతలపట్టు నుంచి కనపడాలి, కార్వేటినగరం నుంచి కనపడాలి. తేనెటీగ చేతిలో ఉన్నవాళ్లకే కనపడాలి. ఎప్పుడు తీసుకుపోవాలో వాళ్ల ఇష్టం. ఎంతసేపు తిప్పినా ఆట తప్పు పట్టకూడదు, తొందర పెట్టకూడదు. తిప్పినంతసేపూ దారిలో కొత్త ఊరు, కొత్త సరదా రావాలి.

దిలీప్ అడిగాడు. "మరి ఎవురూ తీసుకోని పోకపోతే?"

"తిరగనీ."

"ముగింపు?"

అది కూడా చెప్పాను. అప్పుడే నోటికి వచ్చింది. గ్రేస్ మెట్ల మీదే కూర్చుని గీసుకుంది.

బెంగళూరు నుంచి ఒకామె వచ్చింది, వెంట కంప్యూటర్ సంచితో ఒకతను. ఆమెది కోలారు, తెలుగు బాగా వచ్చు. దిలీప్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎవరు ఆడి చూపించాలనే మాట వచ్చింది. దిలీప్, గ్రేస్ ఆడాలని అనుకున్నాం. కమలమ్మ అప్పటికే వచ్చి తేనెటీగను పట్టుకుని కూర్చుంది. కొత్త చీర. లేవమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నేను ఏనుగును తీసుకుని పక్కన కూర్చున్నాను.

అక్కా, ఆమె ఎంతకూ పోనివ్వలేదు. లారీల మధ్య తిప్పింది. కోటలో తిప్పింది. తడలో చెక్‌పోస్టువాళ్లను రెండుసార్లు కొట్లాటకు పెట్టింది. కోలారు ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, కానీ చేతి గడియారం కూడా చూసుకుంది. సాయంత్రం రైలుకు పోవాలి. దిలీప్ కమలమ్మ వెనక నిలబడి గొంతు సవరించాడు. ఆమె వినిపించుకోలేదు. ముగింపు చూడకుండా వాళ్లు లేస్తే ఇన్ని నెలల పని పోయినట్టే. దిలీప్ నా వైపు చూశాడు. గ్రేస్ చూడలేదు, తల వంచుకుంది.

ఏనుగుకు దారి తెలియదు. తేనెటీగ తీసుకుపోతేనే పోగలదు. కానీ పక్కనున్నవాడు అడగొచ్చు కదా.

"కమలమ్మా, పోదాం," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "పోదామా అప్పా? నిజంగానే?"

"పోదాం. చాలా తిరిగినాం."

ఆమె తేనెటీగను పైకి లేపి, ఒక్కసారి చుట్టూ చూసి, నేరుగా పడమటి దారి పట్టించింది. ఎక్కడా ఆగలేదు. లోయ అంచుకు రాగానే తేనెటీగ నిలిచిపోయింది, ఇక ముందుకు పోలేదు. ఏనుగు ఒక్కటే దిగింది. చిన్న గున్న ఒకటి ఎదురొచ్చి తొండం పట్టుకుంది. మంద మూసుకుంది.

ఆట అక్కడ అయిపోదు. అదే మేము కల్పించింది. తెర రెండు సగాలూ అలాగే ఉంటాయి. ఒక సగంలో ఏనుగు మందతో బురదలో పొర్లాడుతుంది. దాన్ని నువ్వే ఆడించాలి, గున్నలు మీద ఎక్కుతాయి, నీళ్లు చల్లుతాయి. ఇంకో సగంలో తేనెటీగకు చెట్టు దొరుకుతుంది. వందల ఈగలు వస్తాయి, పట్టు కట్టాలి, చేతినిండా పని. ఎవరి సందడి వాళ్లది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఎవరి సగం వాళ్లు ఆడుకుంటారు. కమలమ్మ పట్టు కట్టడంలో పడి నన్ను మరిచేపోయింది. "ఈడ ఇంకో గది కట్టాల, ఈడ ఇంకోటి," అని తనలో తనే అనుకుంటోంది. నేను ఒక గున్నను ఒడ్డుకు నెట్టే పనిలో ఉన్నాను.

మధ్యలో ఆమె వేలు చప్పుడు బటన్ మీద పడింది. ఇటు నా సగంలో, బురదలో, ఏనుగు చెవి ఒకటి కదిలింది.

"ఆ చెవి ఎందుకు కదిలింది?" అని అడిగింది కోలారు ఆమె.

"ఆమె పిలిచింది కదా," అన్నాను.

"పిలిస్తే ఏమవుతుంది? పాయింట్లు వస్తాయా?"

"ఏమీ రావు. చెవి కదులుతుంది, అంతే."

దిలీప్ కంగారుగా, వద్దంటే తీసేస్తామని చెప్పబోయాడు. ఆమె కమలమ్మ చేతిలోంచి కంట్రోలర్ తీసుకుని ఆ బటన్ తనే నొక్కింది. చెవి కదిలింది. కొంచెం ఆగి మళ్లీ నొక్కింది. వెంట వచ్చినతను గడియారం చూపించాడు. ఆమె చూడలేదు.

"ఇది తీయొద్దు," అంది. "మిగతాది మాట్లాడుకుందాం."

మొన్న కాగితాలు వచ్చాయి. తీసుకున్నారు. దిలీప్ మేడ మీద అటూ ఇటూ తిరిగి, కింద పడుకున్న కుక్కకు కూడా చెప్పాడు. గ్రేస్ ఏడ్చి, ముక్కు చీది, కమలమ్మకు కాళ్లు మొక్కింది. కమలమ్మ బూందీ చేసి వీధంతా పంచి, తను లేకపోతే ఈ పని అయ్యేది కాదని అందరికీ చెప్పింది. అబద్ధం కాదు కాబట్టి ఎవరూ కాదనలేదు. ఇప్పుడు ఆట పూర్తి చేయడానికి చాలా పని ఉంది. ఇంకా ఊళ్లు కావాలి, తిప్పడానికి. నగరి, పుంగనూరు, మన పూతలపట్టు పక్క చింతతోపులు. ఆ ఊళ్లన్నీ చూసి రాసి పెట్టడం నా పని. నీళ్ల కంపెనీకి పొద్దున పోతాను, మధ్యాహ్నం నుంచి ఇది.

కాబట్టి ఇప్పుడే ఊరికి రాలేను అక్కా. కోపం తెచ్చుకోవద్దు. బాగున్నాను. నిజంగానే బాగున్నాను, నువ్వు దిగులు పడతావని రాస్తున్నది కాదు. నువ్వు చూసిన ఆ నగరి పెళ్లి సంబంధం వాళ్లకు వద్దని మర్యాదగా చెప్పేయి. నాకు ఇక్కడ పని ఉంది, తోడు ఉంది, తిట్టి అన్నం పెట్టే మనిషి ఉంది.

కొన్ని సంగతులు. ఊళ్లో మా ఇంటి తలుపులు వారానికి ఒకసారి తీయించి ఊడ్పించు. కొత్త చింతపండు వచ్చి ఉంటే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు కొంచెం పంపు, కమలమ్మకు ఇక్కడిది నచ్చడం లేదు. ఏనుగు స్వాములు అటువైపు దిగితే బావను టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి పోవద్దని చెప్పు. బీపీ మాత్రలు ఆపవద్దు. మునెమ్మ పెద్దమ్మకు, తోట పక్క ఇంటివాళ్లకు నా నమస్కారాలు. దసరాకు నువ్వూ బావా ఇక్కడికి రండి. కొండ ఎక్కించి తెస్తాను. మోకాళ్లు నొప్పి అంటే బస్సులో పోదాం. ఆట కూడా చూద్దువు గాని. వినపడకపోయినా ఆడొచ్చు, చెవి కదలడం కనపడుతుంది.

చివరగా ఒకటి. ఆట అయిపోయాక తెర మీద చేసినవాళ్ల పేర్లు వస్తాయి. మీ పేరు ఎలా వేయాలి సార్ అని గ్రేస్ అడిగింది. కథ: హేమావతి, మునిరత్నం అని వేయమన్నాను. ఆ వరసలోనే. నిన్న వేసి చూపించింది. బాగుంది.

పెద్దదానివి, నీ దీవెన కావాలి. ఈ ఉత్తరం చదివి దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు దీవించు. నన్ను ఒక్కడినే కాదు, ఈ పని చేసింది ఇద్దరం. ఎప్పుడూ చేసినట్టే ఇద్దరినీ కలిపి దీవించు.

నీ తమ్ముడు,
రత్నం